ఒప్పుకున్నదీ నేనే, వద్దన్నదీ నేనే

డిసెంబర్ 9

ఈ రోజు ల్యాబ్‌కి వెళ్లేసరికి నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. అందులో ఒక పిల్ల. రామయ్యపట్నం నుంచి వచ్చిందట, పేరు కుమారి. "మీ దగ్గర పని నేర్సుకోమన్నారు మేడమ్. మాఘం నుంచి మీరు రారంట గదా" అంది.

రానని ఎవరన్నారు అని అడిగితే డాక్టరుగారన్నారంది. ఆయన గదిలోకి వెళ్లాను. ఆయన ఒడియాలో ముందు శుభాకాంక్షలు చెప్పి, తర్వాత అసలు సంగతి చెప్పారు. నన్ను చేసుకోబోయే శివరామ్ పోయిన వారం ఫోన్ చేశాడట. పెళ్లయ్యాక సుధ ఉద్యోగం మానేస్తుంది, మీతో చెప్పడానికి మొహమాటపడుతోంది, అందుకే నేను చెబుతున్నాను అన్నాడట.

నాకు మొహమాటం. ఇన్నేళ్లుగా బరంపురంలో ఊరందరి చేతులకీ సూదులు గుచ్చుతున్నదాన్ని, నాకు మొహమాటం.

బయటికి వచ్చి శివరామ్‌కి ఫోన్ చేశాను. అస్కాలో వాళ్ల కొట్టు దగ్గర బెల్లం దింపుతున్నారట, వెనకాల లారీ వాళ్ల కేకలు. "ఆఁ, నేనే సెప్పేను. నీకు ఇబ్బందెందుకని. అస్కా నుంచి బరంపురం రోజూ ఎవులు తిరుగుతారు సుధా" అన్నాడు. నేను తిరుగుతానని మొదట్లోనే చెప్పాను కదా అన్నాను. "అప్పుడేదో అన్నావులే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు.

సాయంత్రం దాకా కుమారికి నరం ఎలా దొరకబుచ్చుకోవాలో నేర్పాను. దాని తప్పేం లేదు.

డిసెంబర్ 10

చిన్న విషయమే. పొద్దున్నుంచి నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. సరే, చిన్నదే.

డిసెంబర్ 14

ఇంట్లో చెప్పేశాను.

అన్నం దగ్గర ఇలాంటి మాటలు తేకూడదని అమ్మ ఎప్పుడూ అంటుంది. అందుకని నాన్న చెయ్యి కడుక్కునే దాకా ఆగాను. "నాన్నా, అస్కా సంబంధం నాకొద్దు" అన్నాను.

నాన్న తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాడు. "ఏటన్నావు?"

"పెళ్లి వద్దంటన్నాను."

"ఏటయ్యింది? కట్నం గిట్నం అని ఏటైనా అడిగేరా?"

లేదన్నాను. "తాగుతాడని ఎవులైనా సెప్పేరా?" లేదన్నాను. "మరేటి?"

ల్యాబ్ సంగతి చెప్పాను. అమ్మ గిన్నెలు సర్దడం ఆపి నా వైపు చూసింది. "ఓలమ్మ. దీనికేనా? నీ మంచికే గదే సెప్పేడు."

"నా మంచి నాకు సెప్పాలి గదమ్మా. డాక్టరుగారికి సెప్తే ఎలగ?"

"నీలాంటి మాటకారికి ఆ పిల్లడే ఎక్కువ" అంది అమ్మ. నాన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి అక్కడ ఆగి, "నిర్మాల్యం పట్టుకుని మాటిచ్చేనమ్మీ" అన్నాడు. అని, పప్పుల కొట్టుకి వెళ్లిపోయాడు.

అదీ సంగతి. మా ఇంట్లో ఉంగరాలు, తాంబూలాలు ఎన్ని ఉన్నా అవన్నీ పైపైవే. తాతల కాలం నుంచి ఒడియా వాళ్ల మధ్య ఉండి ఉండి వాళ్ల పద్ధతే మాకూ పట్టుబడింది. పెళ్లి ఖాయం అనుకుంటే ఇద్దరు తండ్రులూ జగన్నాథుడి గుడిలో కూర్చుంటారు. పూరీ నుంచి తెచ్చిన మహాప్రసాదం ఎండబెట్టిన మెతుకులు, అదే నిర్మాల్యం, చేతిలో పట్టుకుంటారు. నా పిల్లని ఇస్తానని ఒకరు, నా పిల్లడికి చేసుకుంటానని ఒకరు అంటారు. అంతే. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అక్కడ ఉండక్కర్లేదు. కార్తీకంలో మా నాన్న వెంకటరమణమూర్తీ, శివరామ్ నాన్న లక్ష్మణరావూ అలా మాట ఇచ్చుకున్నప్పుడు నేను ల్యాబ్‌లో షుగర్ టెస్టులు చేస్తున్నాను.

డిసెంబర్ 15

ఏడవలేదు.

డిసెంబర్ 19

శివరామ్‌కి ఫోన్ చేసి తిన్నగా చెప్పాను. నాకు ఈ పెళ్లి వద్దు, ఉంగరమూ చీరా పంపించేస్తాను అని. "కోపం తగ్గేక మాటాడుకుందాంలే" అన్నాడు. కోపం కాదు అన్నాను. "సరే, ఇప్పుడు కోపంగా ఉన్నావు గదా, తర్వాత" అన్నాడు.

గంట తిరక్కుండా లక్ష్మణరావుగారు నాన్నకి ఫోన్ చేశారు. "మీ పిల్లకి పని ఎక్కువై అలిసిపోయిందంట, కాస్త రెస్టు ఇయ్యండి" అన్నారట. నేను అలిసిపోయానని వాళ్లకి వాళ్లే నిర్ణయించేసుకున్నారు. వద్దు అన్న మాటని ఎంతమందికి చెప్పినా ఎవరూ అందుకోవడం లేదు.

అతని మెసేజ్‌లు చూడటం మానేశాను. ఇవాళ పొద్దున్న రెండు, మధ్యాహ్నం ఒకటి వచ్చాయి.

డిసెంబర్ 27

ఇప్పుడు అందుకున్నారు. లాయర్ నోటీసు వచ్చింది.

నాన్న పేరూ నా పేరూ ఉన్నాయి. మాఘంలో పెట్టుకున్న ముహూర్తానికి పెళ్లి జరిపించాలట. లేకపోతే హాలుకీ బట్టలకీ అయిన ఖర్చు, వాళ్ల కుటుంబానికి పోయిన పరువు, అన్నిటికీ నష్టపరిహారం కట్టాలట. మోసం కింద క్రిమినల్ కేసు కూడా పెడతారట. పెళ్లి చేసుకోకపోతే జైల్లో పెడతాం అని కాబోయే కోడలికి ఉత్తరం రాసే అత్తవారిని నేనింతవరకూ వినలేదు.

నాన్న ఆ కాగితాన్ని దూరంగా పెట్టుకుని చదివాడు. మోసం అన్న చోట వేలు పెట్టి, "ఇది నాకేనా, నీకా?" అని అడిగాడు. ఇద్దరికీ అన్నాను. నాన్న కందిపప్పులో ఇంకో పప్పు కలిపాడని బజారులో ఎవరూ అనగా నేను వినలేదు. ఆ మాట ఇప్పుడు ఆయన పేరు పక్కన ఉంది.

అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. "మనకి కోర్టులెందుకు తల్లీ, చేసేసుకుందూ" అని లోపల్నుంచే అంది.

చేసుకోను. ఇది వచ్చాక అస్సలు చేసుకోను.

డిసెంబర్ 30

లాయర్ దుర్గాభవాని గారి దగ్గరికి వెళ్లాను. ఒక్కదాన్నే. తెలుగావిడే, కోర్టు రోడ్డులో చిన్న గది. నోటీసు చదువుతూ మధ్యలో టీ తెప్పించారు, నవ్వారు కూడా.

"ముందు ఇది సెప్పు. ఏ కోర్టైనా నీ సెయ్యి పట్టుకుని పీటల మీద కూసోబెట్టగలదనుకుంటన్నావా?"

"నోటీసులో అలాగే ఉంది గదండీ."

"నోటీసులో ఏటైనా రాస్తారు. పెళ్లి మనిషి ఇష్టం మీద జరిగేది. సేసుకోమని ఏ జడ్జీ ఆర్డరియ్యలేడు. నువ్వు పీటల మీద కూసున్నాక కూడా వద్దనొచ్చు." తర్వాత మోసం సంగతి చెప్పారు. మొదటి నుంచీ మోసం చెయ్యాలన్న ఉద్దేశంతోనే ఒప్పుకున్నానని వాళ్లు చూపించగలిగితేనే అది మోసం. ఒప్పుకుని, తర్వాత మనసు మారితే అది నేరం కాదు. ఆ ముక్క రెండోసారి చెప్పించుకున్నాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు.

కానీ అంత సులువేం కాదట. మాట ఇచ్చి తప్పినందుకు నష్టం అడిగే హక్కు అవతలివాళ్లకి ఉంది. నిజంగా అయిన ఖర్చు, రుజువులతో. పెట్టినవన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి, ఇచ్చినట్టు రాయించుకోవాలి. అతని మెసేజ్‌లు చెరపకూడదు, నావీ చెరపకూడదు. జరిగింది జరిగినట్టు రాసుకో, రేపు ఎవరు ఏం అడిగినా తడబడకూడదు అన్నారు. వచ్చేసారి నాన్నని తీసుకు రమ్మన్నారు.

జనవరి 3

జరిగింది జరిగినట్టు.

పోయిన ఆగస్టులో శివరామ్ ల్యాబ్‌కి వచ్చాడు, షుగర్ టెస్టుకి. బెల్లం వ్యాపారం కదా, భయంగా ఉందండీ అన్నాడు. నార్మల్ వచ్చింది. ఆ వారంలోనే మళ్లీ వచ్చాడు. మళ్లీ నార్మల్. మూడోసారి వచ్చినప్పుడు, మీ రక్తంలో బెల్లం లేదు, ఇక రావొద్దు అన్నాను. మరుసటి వారం వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చారు.

నాన్న నన్ను కొట్టు వెనక గోడౌన్‌లోకి పిలిచి, మినుముల బస్తాల మధ్య నిలబెట్టి అడిగాడు. "ఆ పిల్లడు నీకు నచ్చేడా? నచ్చకపోతే ఇప్పుడే సెప్పు, నేను సూసుకుంటాను." నచ్చాడన్నాను. గుడికి వెళ్లే ముందురోజు మళ్లీ అడిగాడు. "మాట ఇచ్చీమంటావా?" ఇచ్చెయ్ అన్నాను.

నచ్చాడు మరి. అబద్ధం ఎందుకు రాయాలి? నచ్చాడు.

జనవరి 6

ఇవాళ జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను.

నాన్నా నేనూ దుర్గాభవాని గారి దగ్గర కూర్చున్నాం. ఆవిడ నోటీసుకి జవాబు ఎలా రాయాలో చెప్పారు. "మూర్తిగారూ, గుడిలో మాట ఇచ్చుకుంది మీరిద్దరు తండ్రులూ. అమ్మాయి అక్కడ లేదు. మైనరు కాదు. తనని అడక్కుండా మీరిచ్చిన మాటకి తను కట్టుబడక్కర్లేదు. అలాగే జరిగుంటే అదే రాద్దాం. అమ్మాయి మీద నుంచి పోతాది. కాకపోతే మీ మీద మిగుల్తాది."

నాన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు. "అలాగే రాసీయండమ్మా. నేను పిల్లని అడగలేదు."

"అడిగేవు నాన్నా" అన్నాను.

"నువ్వూరుకో."

"బస్తాల దగ్గర అడిగేవు. గుడికెల్లే ముందు మళ్లీ అడిగేవు."

"అడగలేదన్నాను గదేటి." నాన్న నా వైపు చూడకుండా, లాయరుగారితోనే చెబుతున్నాడు. "దానికేటీ తెలీదు. నేనే నా ఇష్టం వచ్చినట్టు ఇచ్చేసేను. ఏ కేసైనా నా మీదే పెట్టమనండి."

దుర్గాభవాని గారు కలం మూసి బల్ల మీద పెట్టేశారు. "మీరిద్దరూ ముందు ఒక మాట మీదకి రండి. అడిగుంటే మాత్రం అడగలేదని నేను రాయను."

అప్పుడు చెప్పాను. "ఒప్పుకున్నాను మేడమ్. ఇష్టపడే ఒప్పుకున్నాను. ఇప్పుడు వద్దంటన్నాను. రెండూ నేనే. అదే రాయండి."

"అలా రాస్తే బరువంతా నీ మీదే పడతాది, తెలుసా?"

"పడనీండి."

నాన్నా నేనూ ఆటో ఎక్కాం. పాత బస్టాండు దగ్గర సిగ్నల్ పడితే, "నా కూతురి మీద కేసేస్తే నేను సూస్తా కూకోవాలా? ఒక అబద్ధం ఆడితే నీకేటి పోయింది?" అన్నాడు.

అందరూ నాకు బదులు మాట్లాడేవాళ్లే. అతను నా ఉద్యోగం మానిపించాడు, నా మంచికే. అతని నాన్న నన్ను అలిసిపోయినదాన్ని చేశాడు, నా మంచికే. ఇప్పుడు నాన్న నన్ను నోరులేనిదాన్ని చేద్దామనుకున్నాడు, నా మంచికే. అడక్కుండా ఇచ్చేసిన పిల్లనని కాగితం మీద రాసుకుని బయటపడితే, అది బయటపడటం ఎలా అవుతుంది? పైగా రెండుసార్లు అడిగిన మనిషి అడగలేదని రాయించుకుని జన్మంతా మోస్తాడట. నేను ఒప్పుకోను.

ఇవన్నీ నాన్నతో అనలేదు. నాకేం పోయిందో నీకు తెలీదులే అని మాత్రం అన్నాను. అనకుండా ఉండాల్సింది. నేను కోప్పడింది మా నాన్న మీద, నాకోసం అబద్ధమాడటానికి సిద్ధపడ్డ మనిషి మీద.

జనవరి 12

నాన్న గుడికి వెళ్లడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

జనవరి 17

జవాబు వెళ్లింది. నేను చెప్పినట్టే రాశారు. కింద సంతకం పెట్టాను.

డాక్టరుగారికి కూడా చెప్పేశాను. నేను ఉద్యోగం మానడం లేదు, నా గురించి నేను చెబితే తప్ప ఎవరు ఫోన్ చేసినా నమ్మకండి సార్ అన్నాను. ఆయన పాపం సిగ్గుపడ్డారు. కుమారిని పంపించెయ్యాలా అని ఆయనే అడిగారు. వద్దు, ఇద్దరికీ సరిపడా పని ఉంది అన్నాను. కుమారి విని గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ ఈ గొడవలో దాని గుండెల్లో ఏముందో నేను ఆలోచించనే లేదు.

జనవరి 22

శివరామ్ వచ్చాడు. ల్యాబ్‌కే.

టోకెను తీసుకుని, వరసలో కూర్చుని, తన వంతు వచ్చాక లోపలికి వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "సుగర్ టెస్టు" అన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం కూడా సరిగ్గా చేసుకోలేదు.

"నా తప్పేటో సెప్పు సుధా, దిద్దుకుంటాను. నోటీసు మా నాన్న పంపించేరు. నాకిష్టం లేదు."

"ఇష్టం లేదని మీ నాన్నతో సెప్పేవా?"

మడిచిన చొక్కా చెయ్యి ఇంకో మడత వేశాడు. తర్వాత అతని మొహంలోకి వెలుగొచ్చింది. "పోనీ ఇలగ సేద్దాం. డాక్టరుగారికి నేనే మళ్లీ ఫోన్ సేసి, సుధ ఉద్యోగం మానదు అని సెప్పేస్తాను. సరేనా?"

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వేశాను, పక్క గదిలోకి వినపడేలా. అతను కూడా నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నానో తెలియక. ఎంత మంచివాడో. తాగడు, తిట్టడు, నామీద చెయ్యెత్తడు. నా తరఫున బతికేస్తాడు, అంతే. ఆ సంగతి ఎంత చెప్పినా అతనికి ఎక్కదు, అతనిలో దుర్మార్గం ఉంటే నాకింత కష్టమయ్యేది కాదు.

రక్తం కుమారి చేత తీయించాను. దానికి ప్రాక్టీసు కావాలి.

నార్మల్.

జనవరి 23

ఏం రాయాలని లేదు. నాకేం కాలేదు.

ఫిబ్రవరి 1

చాలా రోజులకి అమ్మ నాతో మాట్లాడింది. ఛత్రపూర్‌లో వాళ్ల లాయరు ఆఫీసులో ఇరువైపులా కూర్చుని తేల్చుకుందామని కబురు వచ్చిందట. "ఏ సీర కట్టుకుంటావు?" అని అడిగింది. నీలం నేత చీర అన్నాను. ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది.

ఫిబ్రవరి 4

అయిపోయింది. ఉంగరం, చీర, వాళ్లు పెట్టినవన్నీ ఇచ్చేశాం, ముట్టినట్టు రాసిచ్చారు. హాలు వాళ్లు వెనక్కి ఇవ్వని అడ్వాన్సు నేను కడతాను, నా జీతంలోంచి. నోటీసు వెనక్కి తీసుకుంటున్నామని, ఏ కేసూ పెట్టబోమని రాసి లక్ష్మణరావుగారు సంతకం పెట్టారు. పరువు సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. కాగితాలన్నీ దుర్గాభవాని గారి దగ్గర ఉన్నాయి. కానీ ఇది అలా తేలిన తీరు ఏ కాగితంలోనూ లేదు. అది నాకోసం రాసుకుంటున్నాను.

కోర్టు వెనక సందులో మేడ మీద గది. ఒక పక్క లక్ష్మణరావుగారు, శివరామ్, వాళ్ల లాయరు. ఇటు పక్క నాన్న, అమ్మ, నేను, దుర్గాభవాని గారు. లక్ష్మణరావుగారు లాయర్లని మాట్లాడనివ్వలేదు. "నాకు సెక్షన్లొద్దు మూర్తీ. జగన్నాథుడి అన్నం పట్టుకున్నాం ఇద్దరం. ఆ మాటేటయ్యింది?"

నాన్న చాలాసేపు తన అరచేతి వైపు చూసుకున్నాడు. నాకు భయమేసింది. ఇన్నాళ్లలో మొదటిసారి భయమేసింది, రాసుకోడానికి సిగ్గెందుకు. ఆయన సరే అంటే, అక్కడ అందరి ముందూ మా నాన్నని కాదనాలి. కాదంటాను. కానీ తర్వాత ఆయన మొహం ఎలా చూడాలో నాకు తెలియదు.

"మాట నేనే ఇచ్చేను లక్ష్మణరావుగారూ" అన్నాడు నాన్న. "నేనే తప్పుతున్నాను. పాపమంటూ ఉంటే నాది. మీరు తిట్టాలనుకుంటే నన్నే తిట్టండి."

లక్ష్మణరావుగారు తల తిప్పుకున్నారు. అప్పుడు శివరామ్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మావయ్యగారూ, ఒక్కసారి నా మాట ఇనండి. తనకి ఏటి కావాలో మీరు సెప్పండి. బరంపురంలోనే ఇల్లు తీసుకోమంటే తీసుకుంటాను. ఉద్యోగం సేసుకోనీమంటే సేసుకోనిస్తాను. రాసిమ్మంటే రాసిస్తాను. మీరెలగంటే అలగ."

అమ్మ చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. లాయర్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అందరి మొహాల్లోనూ హమ్మయ్య అన్నట్టుంది. నేను మొదటి రోజు అడిగినవన్నీ ఇచ్చేస్తున్నాడు కదా. నాక్కూడా ఒక్క నిమిషం, ఇంకేం కావాలే నీకు అనిపించింది. అబద్ధం చెప్పను, అనిపించింది.

నాన్న లేచి నిలబడ్డాడు.

"పిల్ల ఇక్కడే కూకుంది గదా బాబూ. దాన్నే అడుగు" అన్నాడు.

శివరామ్ నా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. నేను ఆగాను. అతను అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు, అయినా అడుగుతాడేమోనని ఆగాను. ఆ కళ్లు నా మీద కాసేపు నిలిచాయి. తర్వాత మెల్లగా వాళ్ల నాన్న వైపు వెళ్లాయి, నన్నేం అడగాలో ఆయన చెబుతాడేమోనని.

అతను అడగలేదు. నేనే చెప్పాను.